మేఘముల చెంత చిన్న విమానములు

పొలమునకు గట్టు గలదు. గ్రామమునకు పొలిమేర గలదు. ఆకాశమునకు మాత్రము కంటికి గనిపించు హద్దు లేదు. ఐనను నేడు మహానగరములపై నున్న ఆకాశము భూమికంటెను సూక్ష్మముగా విభజింపబడియున్నది. ఏ యెత్తునుండి ఏ యెత్తువఱకు ఏ తరగతి గగనము, అందు ప్రవేశించుటకు ఎవరి యనుమతి వలయును, మేఘమునకు ఎన్ని యడుగుల దూరమున నుండవలెను అను విషయములన్నియు శాసనములచే నిర్ణయింపబడినవి. ఈ యదృశ్యములైన హద్దుల నడుమ, గుడ్డ రెక్కతోను చిన్న యంత్రముతోను ఎగురు ట్రైక్ అను విమానమునకు ఎంత స్థానమీయవచ్చును? ఆ స్థానమును అది ఎట్లు నిలుపుకొనవలెను? ఇది కొద్దిమంది వినోదమునకు సంబంధించిన స్వల్పవిషయముగా దోచవచ్చును. కాని నూటికి పైబడిన జనులు కూర్చుండి పోవు విమానముల త్రోవలో నొక్కడు ఎగురుచున్నప్పుడు వాని వినోదము వాని సొంతవిషయము గాజాలదు. మన దేశమున గూడ ఆకాశక్రీడల నభివృద్ధి చేయ సంకల్పించి కేంద్రప్రభుత్వము 2022 సంవత్సరమున నొక విధానమును ప్రకటించియున్నది. కావున ఈ విషయమును మన పాఠకులు విమర్శించి చూడదగును.

ట్రైక్ అనగా నేమో మొదట దెలిసికొనుట యవసరము. అమెరికా దేశస్థుడగు ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన భార్య గెర్ట్రూడ్ కలసి 1948 ప్రాంతమున మడతవెట్ట వీలైన త్రికోణాకారపు గుడ్డ రెక్కను కల్పించిరి. అంతరిక్షమునుండి దిగు నౌకలను నేలకు జేర్చుటకు దీనిని వాడవచ్చునాయని ఆ దేశపు అంతరిక్ష సంస్థ కొంతకాలము పరీక్షలు చేసి విరమించెను. విరమింపబడిన యీ రెక్కను సామాన్యజనులు చేపట్టిరి. కొండలపైనుండి దూకి గాలిలో తేలువారు దానిని వాడిరి. తరువాత దాని క్రింద మూడు చక్రముల పీఠమును వ్రేలాడగట్టి, వెనుక నొక చిన్న యంత్రమును అమర్చిరి. అదియే ట్రైక్. దీనికి తోక లేదు, తలుపులు లేవు. వైమానికుడు తన యెదుటి అడ్డుకడ్డీని నెట్టియు లాగియు, తన బరువును ప్రక్కలకు జరిపియు రెక్కను త్రిప్పును. గాలి ముఖమునకు గొట్టుచుండును; క్రింద కాళ్ల నడుమ పొలములు గనిపించును. పెద్ద విమానములో గాజుకిటికీ ప్రక్క కూర్చుండువానికి ఈ యనుభవము ఎన్నటికిని లభింపదు. దీనిని మరిగినవారు దానిని విడువజాలకుండుటలో వింత లేదు.

ఇట్టి తేలికవిమానముల విషయమున అమెరికా ప్రభుత్వము 1982లో చేసిన నిబంధనలు గమనింపదగినవి. ఒక్కడే కూర్చుండునదై, యంత్రముతో గూడ ఖాళీబరువు 254 పౌన్లకు లోబడి, 5 గ్యాలన్లకు మించని యింధనము గలిగి, గంటకు 55 నాటికల్ మైళ్లకు మించని వేగము గలదానికి నమోదు అక్కఱలేదు, నడుపువానికి లైసెన్సు అక్కఱలేదు, వైద్యపరీక్ష యక్కఱలేదు. ఇద్దఱు కూర్చుండు బరువైన ట్రైకులకు మాత్రము 2004 నుండి వేఱు నియమములు, లైసెన్సులు ఏర్పడినవి. తేలికదానికిచ్చిన యీ స్వేచ్ఛకు ప్రతిగా శాసనము కొన్ని హద్దులను గీచినది. పగటివేళనే యెగురవలెను. జనసమ్మర్దముగల పట్టణములపై నెగురరాదు. నేల కంటికి గనిపించుచుండవలెను. విమానాశ్రయముల చుట్టునున్న నియంత్రిత గగనమున ముందుగా అనుమతి లేక ప్రవేశింపరాదు. మేఘములకు దూరముగా నుండవలెను. ఇందలి భావము స్పష్టము: నీ ప్రాణమునకు నీవే కర్తవు; పరుల ప్రాణముల చెంతకు మాత్రము రావలదు. ప్రభుత్వము పౌరుని నమ్మి చేసిన శాసనమిది. ఇట్టి శాసనములు లోకమున అరుదు. అవి నిలుచుట పౌరుని ప్రవర్తనపై నాధారపడియుండును.

ఇక మేఘముల విషయము. నియంత్రిత గగనపు సాధారణభాగమున 10,000 అడుగులకు లోబడి యెగురువానికి ముందు 3 మైళ్లవఱకు చూపు ఆనవలెననియు, మేఘమునకు క్రిందుగా 500 అడుగులు, పైగా 1,000 అడుగులు, ప్రక్కగా 2,000 అడుగులు ఎడముండవలెననియు నియమము. ఈ యంకెలు ఏల యిట్లున్నవని విచారించినవారు తక్కువ. మేఘమును గూర్చిన భయముకంటె, మేఘములోనుండి వెలువడువానిని గూర్చిన భయమే వీనికి ముఖ్యకారణము. పెద్ద విమానములు యంత్రపరికరముల సాయమున మేఘమును చొచ్చుకొని వచ్చుచుండును. అవి నియమము నుల్లంఘించి వచ్చుటలేదు. వాని త్రోవ యదియే. అవి వెలువడిన క్షణమునుండి ఒకరినొకరు చూచి తప్పుకొనుటకు వలసిన వ్యవధి నిచ్చుటకే యీ యెడము.

ఈ వ్యవధి యెంతయో లెక్కించి చూతము. 10,000 అడుగులకు లోబడి జెట్ విమానమునకు గరిష్ఠవేగము గంటకు 250 నాటికల్ మైళ్లు. ట్రైక్ 50 నాటికల్ మైళ్ల వేగమున దానికెదురుగా పోవుచున్నదనుకొందము. రెండును కలసి సెకనుకు ఇంచుమించు 506 అడుగుల చొప్పున సమీపించుచుండును. ప్రక్కగా నున్న 2,000 అడుగుల యెడము 4 సెకన్లలో హరించిపోవును. ఆ దేశపు విమానయాన శాఖ తన సలహాపత్రమున చూపిన లెక్క ననుసరించి, ఎదుటివస్తువును చూచి, అది విమానమని గుర్తించి, తనపైకే వచ్చుచున్నదని గ్రహించి, నిశ్చయించుకొని, చేయి కదల్చి, విమానము త్రోవమార్చుకొనువఱకు పట్టు కాలము 12.5 సెకన్లు. అనగా శాసనమిచ్చునవి 4 సెకన్లు. మానవునికి వలసినవి 12.5 సెకన్లు. క్రిందను పైనను సంగతి వేఱు. నిమిషమునకు 1,500 అడుగుల చొప్పున దిగుచున్న విమానము 500 అడుగులు దిగుటకు 20 సెకన్లు పట్టును. నిమిషమునకు 3,000 అడుగుల చొప్పున పైకెక్కునది 1,000 అడుగులెక్కుటకును అంత కాలమే పట్టును. కావున మేఘమునకు క్రిందనున్నవానికంటెను, పైనున్నవానికంటెను, ప్రక్కనున్నవానికే యపాయమెక్కువ. ట్రైక్ నడుపువారికి అన్నిటికంటె ప్రియమైన స్థానమును అదియే. తెల్లని మేఘపుగోడ ప్రక్కగా పోవుచు, దానిపై బడిన తన విమానపు నీడను, ఆ నీడ చుట్టు ఏర్పడు రంగుల వలయమును చూచుచు మైమఱచు వైమానికుడు ఆ గోడ వెనుక నేమున్నదో యెఱుగడు.

మేఘమున ప్రవేశించుట ఇంకను ఘోరము. నేలయు దిక్చక్రమును కనబడనప్పుడు మానవుని చెవిలోని సమతూక జ్ఞానము వానిని మోసపుచ్చును. తిన్నగా పోవుచున్నానని తలచుచునే వాడు సుడితిరుగుచు క్రిందికి దిగిపోవుచుండును. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు 1954లో జరిపిన ప్రయోగమున, మేఘములో నెగురు శిక్షణలేని 20 మందిలో ఒక్కడును విమానమును నిలుపుకొనజాలకపోయెను. వారు తమ విమానముపై పట్టు గోల్పోవుటకు పట్టిన కాలము సగటున 178 సెకన్లు. వారు నడిపినది తోకయు పరికరములును గల విమానము. ట్రైకునకు ఆ పరికరములు సాధారణముగా నుండవు. దాని రెక్క ఒక హద్దు దాటి ముందునకు దొరలినచో దానిని మరల నిలువబెట్టుట దుస్సాధ్యము. ఇక ఉరుముల మేఘమైనచో దాని లోపలి యూర్ధ్వవాయువు చిన్న రెక్కను గడ్డిపోచవలె పీల్చుకొనిపోవును. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మనిల్లా వద్ద పారాగ్లైడరుపై నెగురుచుండిన ఎవా విష్నియెర్స్కా అను జర్మను వనితను అట్టి మేఘము 9,900 మీటర్లకు పైగా, అనగా ఎవరెస్టు శిఖరముకంటె నెత్తునకు గొనిపోయెను. ఆమె స్పృహతప్పి, మంచుగప్పిన దేహముతో బ్రతికి దిగినది. ఆనాడే మఱొక వైమానికుడు అట్టి మేఘములోనే మరణించెను. ఆమె బ్రతుకుట యదృష్టము. దానిని దృష్టాంతముగా దీసికొని ఎవరును ధైర్యము వహింపరాదు.

మహానగరముల చుట్టునున్న గగనమునకు వత్తము. అమెరికాలో మిక్కిలి రద్దీగల విమానాశ్రయముల పైనున్నది 'బి' తరగతి గగనము. అది తలక్రిందులుగా నిలిపిన మెట్ల గోపురమువంటిది. విమానాశ్రయముపై నేలనుండియు, దూరము పోయినకొలది ఎత్తైన యంచెలనుండియు నది ప్రారంభమగును. లోపల నున్న ప్రతి విమానమును కంట్రోలరు వేఱువేఱుగా నడుపును. ఆయన అనుమతిలేక ఎవరును లోనికి పోరాదు. ఆ మెట్ల క్రింద మిగిలిన చోటు మాత్రము చిన్నవారిది. పై మెట్టు 3,000 అడుగులనుండి యున్నదనుకొందము. మేఘము 2,000 అడుగుల వద్ద దిగియున్నదనుకొందము. అప్పుడు చిన్న విమానములన్నియు పలుచని యొక్క పొరలో నిఱుకుకొనును. అందుచేతనే ఆ మెట్ల క్రింద పెద్ద విమానములును గంటకు 200 నాటికల్ మైళ్ల వేగము మీఱరాదని శాసించిరి.

ఇచ్చట మఱొక చిక్కు గలదు. ప్రయాణికుల విమానములలో ఎదుటివిమానమును పసిగట్టి హెచ్చరించు యంత్రమున్నది. అది ఎదుటివానిలోని ట్రాన్స్‌పాండరు బదులు పలికిననే యెఱుగును. మిక్కిలి తేలికయైన ట్రైకులకు ట్రాన్స్‌పాండరు విధింపబడలేదు. గుడ్డ రెక్క రాడారుకును బలహీనముగానే యానును. కంట్రోలరు తెరపై లేని వానినుండి కంట్రోలరు ఎవరిని తప్పించును? తాను పెద్ద విమానమును చూచుచున్నాను గావున అదియు తన్ను జూచుచున్నదని చిన్నవాడు తలచుట పెనుప్రమాదమునకు మొదటి మెట్టు.

గడచిన చరిత్ర యీ మాటకు సాక్ష్యమిచ్చుచున్నది. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ పైని యాకాశమున రెండు ప్రయాణికుల విమానములు ఢీకొని 128 మంది మరణించిరి. మేఘములు అడ్డుపడుటచే ఒకరినొకరు చూచుకొనలేకపోయి యుండవచ్చునని విచారణ చేసినవారు చెప్పిరి. దాని ఫలితముగా 1958లో విమానయానమునకు ప్రత్యేకశాఖ యేర్పడెను. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజిలిస్ చెంత సెరిటోస్ పై, అనుమతిలేక నియంత్రిత గగనమున ప్రవేశించిన యొక చిన్న విమానము మెక్సికో దేశపు జెట్ విమానమును ఢీకొనెను. రెండు విమానములలోని 67 మందియు, నేలపై తమ యిండ్లలోను వీధులలోను నున్న 15 మందియు మడిసిరి. చిన్న విమానమున ట్రాన్స్‌పాండరు ఉండెను గాని తన యెత్తును చెప్పునది గాదు. దాని పిదప ఎత్తు చెప్పు ట్రాన్స్‌పాండర్లు, పెద్ద విమానములకు హెచ్చరిక యంత్రములు విధింపబడినవి. 2025 జనవరి 29న వాషింగ్టన్ నగరమున పోటోమాక్ నదిపై సైనిక హెలికాప్టరును, దిగుచున్న ప్రయాణికుల విమానమును ఢీకొని 67 మంది మరణించిరి. అవి రెండును నియంత్రిత గగనముననే యుండెను. అనగా నియంత్రణయొక్కటే సర్వరక్షకము గాదు. ఒకే త్రోవను ఇద్దఱికి కొద్దిపాటి యెడముతో పంచియిచ్చుటయే ప్రమాదమునకు బీజము.

ఈ విషయమున రెండు తీవ్రాభిప్రాయములు గలవు. ఈ బొమ్మవిమానములను నగరముల దరికి రాకుండ నిషేధింపవలెనని కొందఱందురు. శాసనము విధించిన దూరము పాటించుచున్నాము గదా, అంతకుమించి మమ్ము ఎవరడుగవలెనని ఎగురువారిలో కొందఱందురు. రెండును మాకు సమ్మతములు గావు.

నిషేధవాదులకు మేము చెప్పునదేమన, ఆకాశము పెద్ద సంస్థల సొత్తు గాదు. రాజమార్గమున బస్సులు పోవుచున్నవని యెడ్లబండికి త్రోవ లేదనుట న్యాయము గాదు. దాని కొక ప్రక్క చూపుట న్యాయము. ఈ న్యాయమునకు నిదర్శనము గలదు. 2009 ఆగస్టు 8న న్యూయార్కులోని హడ్సన్ నదిపై, కంట్రోలరు అనుమతి యక్కఱలేని సందులో, ఒక చిన్న విమానమును విహారయాత్రికుల హెలికాప్టరును ఢీకొని 9 మంది మరణించిరి. ఆ సందును మూసివేయవలెనని కేకలు లేచినవి. ప్రభుత్వము మూయలేదు. ఉత్తరమునకు పోవువారు తూర్పుగట్టు వెంటను, దక్షిణమునకు పోవువారు పడమటిగట్టు వెంటను పోవలెననియు, గంటకు 140 నాటికల్ మైళ్లు మీఱరాదనియు, నిర్ణీతస్థలముల వద్ద తమ యునికిని రేడియోలో ప్రకటింపవలెననియు శాసించెను. చిన్నవారి స్వేచ్ఛయు నిలిచినది, క్రమమును ఏర్పడినది.

శాసనవాదులకు చెప్పునది వేఱు. మీరు పాటించు 2,000 అడుగులు నాలుగు సెకన్లకు సమానమని పైన జూపితిమి. శాసనము విధించునది కనీసము. వివేకము కోరునది అంతకెక్కువ. 12.5 సెకన్లు వలయుననినచో మేఘపు ప్రక్కనుండి ఆఱువేల యడుగులకు పైగా, అనగా మైలుకు మించిన దూరమున నుండవలెను. విమానములు దిగు త్రోవల నెఱిగి వానికి తొలగుటయు కష్టము గాదు. రన్‌వే నుండి ప్రతి నాటికల్ మైలునకును దిగుచున్న విమానము ఇంచుమించు 300 అడుగుల యెత్తున నుండును. కావున 5 మైళ్లవద్ద అది 1,500 అడుగుల యెత్తునను, 10 మైళ్లవద్ద 3,000 అడుగుల యెత్తునను నుండునని ఎవరైనను లెక్క గట్టవచ్చును. ఆ రేఖకు అడ్డముగా, మేఘపుటంచున, రేడియో లేక తిరుగువాడు శాసనమును మీఱలేదని చెప్పుకొనవచ్చును గాని నిర్దోషి యనిపించుకొనజాలడు. పైగా పెద్ద విమానము వెనుక విడుచు సుడిగాలులు క్రిందికి దిగుచు కొన్ని నిమిషములవఱకు నిలుచును. ఢీకొనకయే అవి గుడ్డ రెక్కను దలక్రిందులు చేయగలవు. మిణుకు దీపము, చేతి రేడియో, తన యునికిని దెలుపు చిన్న యంత్రము అను మూడింటిని శాసనము విధింపకున్నను ప్రతివాడును కొనవలెను. వీనికగు వ్యయము ఒక ప్రాణమునకు సరిగాదు. ఒక్క దుర్ఘటన జరిగినచో ఒక్కని తప్పునకు వేలమంది తమ రెక్కలను గోల్పోదురు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి?

మన దేశమున ఇది దూరదేశపు ముచ్చట గాదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పై సౌదీ విమానమును కజకస్తాన్ విమానమును ఢీకొని 349 మంది మరణించిన దినమును మఱవరాదు. వచ్చువారికిని పోవువారికిని నాడు ఢిల్లీలో నొక్కటే త్రోవ యుండెను. పిదపనే త్రోవలు వేఱుచేసిరి, హెచ్చరిక యంత్రములను విధించిరి. 2022 నాటి ఆకాశక్రీడల విధానమున మైక్రోలైట్, హాంగ్‌గ్లైడింగ్, పారాగ్లైడింగ్ మొదలగునవి చేర్చబడినవి. మన దేశమున మైక్రోలైటునకు నమోదు, నడుపువానికి అర్హత విధింపబడియున్నందున అమెరికాలోని పూర్ణస్వేచ్ఛ యిచ్చట లేదు. అందులకు మేము చింతింపము. కాని నమోదుతోనే రక్షణ సిద్ధింపదు. హైదరాబాదునే చూడుడు. శంషాబాదు ప్రయాణికుల విమానాశ్రయము, నగరమధ్యమున బేగంపేట, ఉత్తరమున హకీంపేట, దుండిగల్ వైమానికదళ స్థావరములు: ఒక్క నగరపు ఆకాశమున ఇన్ని త్రోవలు కలియుచున్నవి. ఋతుపవనకాలమున మేఘములు మన తలలపైకి దిగును. వేసవి చివర మధ్యాహ్నమునకు లేచు కారుమేఘము సాయంకాలమునకు గాలివానయగుట మన రైతులెల్ల రెఱిగినదే. ఉదయమున నిర్మలముగానున్న యాకాశమును నమ్మి బయలుదేరిన చిన్న వైమానికుడు ఆ గాలివాన కెదురుపడవచ్చును.

కావున ప్రభుత్వము మూడు పనులు చేయవలెనని మేము కోరుచున్నాము. చిన్న విమానములు ఎచ్చట ఏ యెత్తువఱకు ఎగురవచ్చునో సామాన్యునికి బోధపడు పటములను ప్రకటింపవలెను. 2021 నాటి డ్రోన్ నిబంధనల క్రింద ఎఱుపు, పసుపు, పచ్చ రంగులతో గగనమును విభజించి చూపినవారికి ఇది అసాధ్యము గాదు. రెండవది, ఉనికిని దెలుపు చిన్న యంత్రములు తక్కువ వెలకు లభించునట్లు చేసి, నగరముల దరి నెగురువారందఱికి వానిని విధింపవలెను. మూడవది, శిక్షణలో విమానమును నడుపుటతోపాటు మేఘమును గుర్తించుట, వేళకు మరలివచ్చుట ముఖ్యపాఠములుగా నేర్పవలెను. ముందునకు పోవుట ఎవరైనను నేర్తురు. ముందు మేఘము మూసికొనుచున్నదని యెఱిగి, తోటివారు పరిహసించినను, వెనుకకు మరలుటయే కష్టమైన విద్య.

చిన్న రెక్కకు ఆకాశమున హక్కు గలదని మేము విశ్వసించుచున్నాము. గట్టు దున్ని పొరుగువాని పొలము గలుపుకొన్నవాడు తుదకు తన పొలమునే వ్యాజ్యములలో గోల్పోవుట మన గ్రామములందు చూచుచున్నాము. ఆకాశపు గట్టు కంటికి గనబడదు; దానిని మనసున నిలుపుకొనినవానికే ఆ పొలము దక్కును. మన యువకులు రెక్కలు దొడిగి యెగురుదురుగాక. ఎగిరిన వారందఱును క్షేమముగా దిగుదురుగాక. అందులకు వలసిన క్రమమును దుర్ఘటనకు ముందే యేర్పఱచుట ప్రభుత్వమునకు విధి. దానిని శాసనమునకు మించి పాటించుట వైమానికునకు ధర్మము.